మంచె ఎక్కిన సీతారత్నం

ఆ శనివారం పొద్దున దశరథ్ పెట్టుకున్న పని చిన్నదే. ఊరి చివర కొట్టం దగ్గర జరిగే సమావేశానికి వెళ్లి, మా పొలంలో వేట వద్దని చెప్పి, దారిలో బ్రెడ్డు కొనుక్కుని ఇంటికి రావడం.

జర్మనీలోని హానోవర్‌లో ఐటీ ఉద్యోగం చేసే అతను కిందటేడే ఈ పల్లెలో పాత ఇల్లు కొన్నాడు. ఇంటితోపాటు వెనక ఎకరం పొలం వచ్చింది. పొలం ఉన్నవాళ్లంతా ఊరి వేట సంఘంలో సభ్యులేననీ, అందరి భూములూ కలిపి వేటగాడికి కౌలుకిస్తారనీ జూన్‌లో ఉత్తరం వచ్చేదాకా అతనికి తెలియదు. కూతురు శ్రీవల్లిని చూడటానికి ఫిబ్రవరిలో వచ్చి, కరోనాతో విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయిన అత్తగారు సీతారత్నం ఆ సంగతి విని ఊరుకోలేదు.

"బెండ గింజలు పెట్టిన నేలలో తుపాకీ పేలడానికి వీల్లేదు బాబూ. గట్టిగా చెప్పి రండి" అంది.

సమావేశంలో కుర్చీలు రెండేసి మీటర్ల ఎడంలో వేశారు. అందరి మూతులకూ మాస్కులు. గాలి హోరులో అధ్యక్షుడి జర్మన్ సగమే చెవిన పడుతోంది. 'వేట', 'పొలం', 'ఎవరు' అన్న మూడు మాటలు ఒకే వాక్యంలో వినబడగానే, అభ్యంతరాలు అడుగుతున్నారనుకుని దశరథ్ చెయ్యెత్తాడు. ఇంకెవరూ ఎత్తలేదు. వెనక్కి తగ్గకూడదని రెండో చెయ్యి కూడా ఎత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కౌలుదారు విల్కెన్ అయితే గుండె మీద చెయ్యి వేసుకుని తలవంచాడు. కాదన్నవాణ్ణి ఇంతగా గౌరవించే దేశం మరోటి లేదని దశరథ్ ఇంటికొచ్చి చెప్పాడు. బ్రెడ్డు మర్చిపోయాడు.

బుధవారం ట్రాక్టర్ మీద పన్నెండడుగుల చెక్క మంచె వచ్చింది. వేటగాళ్లు ఎక్కి మాటు వేసేది. దాన్ని తమ పొలంలో పెట్టుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారని అడిగితే రెండు చేతులూ ఎత్తిన మనిషిని తన జన్మలో చూడలేదని విల్కెన్ సంతోషంగా చెప్పాడు. కాదనడానికి సరిపడా జర్మన్ రాక, వచ్చిన జర్మన్‌లో దశరథ్ "డాంకె" అంటూ థాంక్స్ చెప్పాడు.

సీతారత్నం బయటికొచ్చి అదేమిటని అడిగింది.

"మంచె, అత్తయ్యగారూ."

"పిట్టల్ని తోలడానికా?"

"అలాంటిదే."

మర్నాటి నుంచి ఆమె రెండు పూటలా స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని మంచె ఎక్కింది. అక్కడ ఎండాకాలంలో తొమ్మిదింటి దాకా వెలుతురే కదా, దిగే తొందర లేదు. చుట్టూ ఉన్న మొక్కజొన్న చేలల్లో ఏది కదిలినా పళ్లెం మోగేది. దూరం నుంచి విన్న ఊరివాళ్లు దాన్ని భారతీయుల పూజ అనుకున్నారు. దశరథ్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆరు వారాల తర్వాత, ఒక గురువారం విల్కెన్ ఫోన్ చేశాడు. ఆ పక్క ఒక్క అడవిపంది అడుగు కూడా కనిపించడం లేదట. రేపు సాయంత్రం తనే వచ్చి మంచె మీద కూర్చుంటాడట. నిచ్చెన కింద తుపాకీ, పైన అత్తగారు ఒక్కసారిగా దశరథ్ కళ్లముందు మెదిలారు. నోటికి ముందొచ్చిన మాట అనేశాడు.

"రాకండి, మా ఇంట్లో క్వారంటైన్."

చిన్న ఊరు. శుక్రవారం మధ్యాహ్నానికి గేటుకు మూడు బుట్టలు వేలాడాయి. రెండింట్లో సూపు, విల్కెన్ భార్య పంపిన దాంట్లో జింక మాంసం సాసేజీలు. బ్రెడ్డు కొట్టామె రొట్టెను వాకిట్లో పెట్టి పరుగున వెళ్లిపోయింది. మూడింటికి కీటా అనే పిల్లల బడి నుంచి శ్రీవల్లికి ఫోన్ వచ్చింది, పాప మనోజ్ఞను రెండు వారాలు బడికి పంపొద్దని. ఆఫీసు మీటింగ్ మధ్యలో ఉన్న ఆమె కెమెరా ఆపి భర్త వైపు తిరిగింది.

"క్వారంటైన్ ఎవరికి దశరథ్? నాకా?"

చేతులెత్తిన దగ్గర్నుంచి అంతా చెప్పేశాడు. ఈ ముక్క ముందు అమ్మకు చెప్పి రమ్మంది శ్రీవల్లి. అతను మంచె కింద నిలబడి పైకి చూశాడు.

"అత్తయ్యగారూ, ఇది వేటగాళ్ల మంచె. మీకు చెప్పకపోవడం నా తప్పే."

"తెలుసు బాబూ. పిట్టల్ని తోలేవాళ్లకి తుపాకీ ఆనించే కమ్మీ ఎందుకు? నేనిక్కడ కూర్చుంటే ఆయనెక్కడ కూర్చుంటాడు? అందుకే దిగట్లేదు."

అంతలో రోగులను పలకరిద్దామని విల్కెన్ గట్టు మీదికి రానే వచ్చాడు. తుపాకీ తేలేదు, పూలు తెచ్చాడు. దశరథ్ మాస్కు సర్దుకుని, రోగం లేదనీ, పందులను తోలింది ఈవిడేననీ ఒప్పుకుని, తిట్ల కోసం తలవంచుకున్నాడు.

విల్కెన్ మంచె వైపు తిరిగి టోపీ తీశాడు. తర్వాత నెమ్మదిగా, దశరథ్‌కు అర్థమయ్యేలా చెప్పాడు. పందులు మొక్కజొన్న తింటే రైతుకు నష్టం కట్టివ్వాల్సింది వేట కౌలుదారే. ఏటా ఈ నెలల్లో అతనికి నిద్ర ఉండదు. ఈసారి ఒక్క కంకీ పోలేదు. పైగా అతనికి మోకాళ్ల నొప్పులు, నిచ్చెన ఎక్కాలంటే ప్రాణం మీదికొస్తోంది. చేను అవతల ఇంకో మంచె ఉంది, అమ్మగారు దాని మీద కూడా కూర్చోగలరా?

దశరథ్ హాయిగా గట్టు మీద కూలబడ్డాడు. అక్కణ్ణుంచే అత్తగారికి తెలుగులో చెప్పాడు.

"దాని నిచ్చెన గట్టిదేనా కనుక్కోండి" అంది సీతారత్నం.

అక్టోబరులో ఆమె తిరుగు ప్రయాణానికి ముందు వేట సంఘం నుంచి ముద్ర వేసిన ప్రశంసాపత్రం వచ్చింది. 'ఈ ఏటి వేటకు విశేష సేవలందించిన మహిళ' అని అందులో రాసి ఉంది. అందులో 'వేట' అన్న మాటను దశరథ్ ఆమెకు 'పంట కాపలా' అని అనువదించాడు.