బుచ్చన్న కలుపుకున్న కాలనీ

కాదు రవళీ, తప్పు బాలమల్లుది కాదు, బుచ్చన్నది. ఉన్నదున్నట్టు రాయి.

బాన్సువాడ పక్కన మన తుమ్మలగడ్డ నూటపది గడపల ఊరు. చిన్న ఊరు కదా అని మున్సిపాలిటీలో కలిపేస్తారన్న కబురు రాగానే సర్పంచి బుచ్చన్నకు నిద్ర పట్టలేదు. ఊరు పోతే కుర్చీ పోతుంది. "వాళ్లు మనల్ని కలుపుకునుడేంది? కాలువ అవతలి టౌను కాలనీని మనమే కలుపుకుందాం. ఊరు పెద్దదైతది" అని తీర్మానం రాయించాడు. అది బాన్సువాడ ఆఫీసులో ఇయ్యడానికి గడువు బొడ్రాయి పండుగ రోజు సాయంత్రం అయిదింటి దాకానే.

ఊరి నడుమ బొడ్రాయికి పండుగ చేసిన నాడు, దానికి నైవేద్యం పెట్టిన పొలి అన్నం ఊరి చుట్టూ చల్లుతారు. చుట్టు పూర్తయిందంటే పొద్దుగూకేదాకా ఎవరూ పొలిమేర దాటకూడదు. ఆ పని బాలమల్లుది. అది ముగిసేసరికి ఎప్పుడూ మధ్యాహ్నమవుతుంది. పదింటికి బయల్దేరి కాగితం ఇచ్చి రావచ్చని బుచ్చన్న లెక్క.

"ఈసారి కాలనీని గూడ చుట్టి రా" అన్నాడు బాలమల్లుతో. "మన పొలిమేరల ఉన్నదాన్ని ఎవడు కాదంటడు? దూరమెక్కువ, సుమన్ బండి మీద పో."

బండి మీద పోయిన బాలమల్లు తొమ్మిదింటికే వచ్చేశాడు. "అయిపోయింది అన్నా."

బుచ్చన్న మురిసిపోయి నేరుగా కాలనీ రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. స్కూటరు మీద హెల్మెట్ పెట్టుకుని వచ్చినాయన్ను ఆపాడు.

"ఆఫీసుకు వెళ్లాలండీ, అర్జెంటు."

"కాలనీ ఇగ మా ఊరే. పొద్దుగూకేదాకా ఎవలు దాటొద్దు. సెలవు పెట్టుకోండ్రి."

హెల్మెట్ వెనక్కి తిరిగింది. ఆ తర్వాత బడికి పోయే లక్ష్మీకుమారి టీచరును ఆపాడు. పాలాయనతో చెంబెడు పాలైనా దాటించడానికి వీల్లేదన్నాడు.

పదింటికి చంకలో ఫైలుతో బుచ్చన్న పొలిమేర దగ్గరికి వచ్చేసరికి, అక్కడ కర్ర పట్టుకుని నర్సవ్వ కూర్చుని ఉంది. ఊరికంతటికీ పెద్దామె. పక్కనే లక్ష్మీకుమారి.

"ఎక్కడికి బయల్దేరారు సర్పంచి గారూ?"

"ఆఫీసుకు అక్కా. ఊరి పని."

"నాది బడి పని. మరి నన్నెందుకు ఆపారు?"

బుచ్చన్న నర్సవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, నేను దాట. కాగితం ఒక్కటి అవతలికి అందిస్త."

"చెంబెడు పాలు దాటొద్దన్నోనివి, కాగితం ఎట్ల దాటిస్తవ్ బిడ్డా?"

బుచ్చన్న ఆఫీసు గుమాస్తా మధుకర్‌కు ఫోను చేశాడు.

"సారు ఇంక రాలే అన్నా" అన్నాడు మధుకర్. "పోయిన వారమే గా కాలనీల కిరాయికి దిగిండు. పొద్దున హెల్మెట్ పెట్టుకొని వస్తుంటే ఎవలో దారి ఆపిన్రట."

బుచ్చన్న ఫోను జేబులో పెట్టుకుని కాలనీలోకి నడిచాడు. ఆఫీసరు సాంబమూర్తి లుంగీ కట్టుకుని, ఊరి నుంచి వచ్చిన పండుగ పులిహోర తింటున్నాడు.

"గుర్తువట్టలే సార్."

"పర్లేదండీ. కాగితం ఇవ్వండి, తీసుకుంటాను. కానీ ముద్ర ఆఫీసులో ఉంది. అయిదు లోపు పడాలి. నన్ను వదిలితే వెళ్లి వేస్తాను."

వదిలితే, సర్పంచే పండుగ చెడగొట్టాడని ఊరు జన్మలో మరిచిపోదు. వదలకపోతే ఊరే ఉండదు. బుచ్చన్న మళ్లీ పొలిమేర దాకా పోయాడు. నర్సవ్వ కర్ర అక్కడే ఉంది.

"అవ్వా, సారు ఒక్కడు..."

"కాలనీ మన ఊరే అంటివి గద. అయితే సారు గూడ మనోడే. కూసోమను."

పొద్దుగూకింది. ఆఫీసరు స్కూటరు పొలిమేర దాటేసరికి ఆరుంబావు. మర్నాడు కాగితం మీద ముద్ర పడింది, పక్కనే "గడువు దాటినది" అని కూడా పడింది.

కాలనీ మన ఊళ్లో ఉన్నది ఆ ఒక్క పగలే. రవళీ, ఇది పోయి బుచ్చన్నకు చదివి వినిపించు. సర్పంచి ఇల్లు అంటే ఇప్పుడెవరూ చెప్పరు, పదకొండో వార్డు అని అడుగు.