మార్గదర్శినికి ఎదురు చెప్పరాదు

రహదారుల శాఖలో ఒక కొత్త అధికారిణి నియామకం జరిగినట్టు అందరికీ సంతోషంతో తెలియజేయడమైనది. ఆవిడ ఎత్తు ఆరు అంగుళాలు. నివాసం కారు అద్దం ముందు. ఉద్యోగం దారి చెప్పడం. ఆకాశంలోని ఉపగ్రహాలతో నేరుగా మాట్లాడగలిగిన మనిషికి పరీక్షలూ ఇంటర్వ్యూలూ ఎందుకని శాఖవారే వద్దన్నారు. హోదా దగ్గర మాత్రం పదకొండు రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి డ్రైవరు కన్నా రెండు మెట్లు పైన, సూపరింటెండెంటు కన్నా ఒక మెట్టు కింద కూర్చోబెట్టి, మార్గదర్శిని అని పేరు పెట్టి, సర్క్యులరు పంపించారు.

సర్క్యులరు ప్రకారం, పై అధికారికి డ్రైవరు ఎదురు చెప్పరాదు. ఆవిడ చెప్పిన దారి తప్పని తోస్తే అభ్యంతర పత్రం మూడు ప్రతుల్లో నింపి, సూపరింటెండెంటు ద్వారా సమర్పించుకోవాలి. ఏడు పనిదినాల్లో జవాబు వస్తుంది. అంతవరకూ బండిని ఆవిడ చెప్పినవైపే పోనివ్వాలి. ఇంతకన్నా న్యాయంగా ఏ శాఖ నడుస్తుందో మీరే చెప్పండి.

ఈ ఏర్పాటుతో చిక్కులో పడ్డవాడు ఒక్కడే. ఆయన్ని అందరూ పెద్ద డ్రైవరు అంటారు. ముప్పై ఏళ్ళుగా ఆ శాఖ కార్లు తోలుతున్నాడు. ఏ సందులో ఏ గేటు బయటికి తెరుచుకుంటుందో, వాన పడితే ఏ మలుపులో నీళ్ళు నిలుస్తాయో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ తెలివే కొంప ముంచింది. మొదటి వారం మార్గదర్శిని కుడికి తిరగమంటే, అక్కడ దారి లేదు, బట్టల షాపు ఉందని ఎడమకు తిప్పాడు. ఫైల్లో ఒక మందలింపు పడింది. రెండో వారం నేరుగా పొమ్మంటే, ఎదురుగా మెట్లున్నాయని ఆగిపోయాడు. మెట్లున్న మాట నిజమే గానీ, ఆ సంగతి ముందుగా రాతపూర్వకంగా తెలియజేయలేదు. రెండో మందలింపు పడింది.

మూడోది పడితే స్టీరింగు లాక్కుని రికార్డు రూములో వేస్తారు. అక్కడ పాత ఫైళ్ళకు నంబర్లు అంటించుకుంటూ కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటే పెద్ద డ్రైవరుకు ముద్ద దిగేది కాదు. కారు తోలడం తప్ప ఆయన మరో సుఖం ఎరగడు. పొద్దున్నే అద్దం తుడిచి, ఇంజను చప్పుడు ఒకసారి వింటే గానీ ఆయనకు తెల్లారినట్టే ఉండదు.

"ఈసారైనా నోరు కట్టేసుకుని ఆవిడ చెప్పింది వినండి," అంది భార్య, ఉతికిన చొక్కా అందిస్తూ. "నా మాట ఎటూ వినలేదు. కనీసం ఆ పెట్టె మాటైనా వినండి."

వింటానని మాటిచ్చి బయల్దేరాడు. ఆ రోజు కొత్త వంతెన ప్రారంభోత్సవం. పదకొండింటికి రిబ్బను కత్తిరించాలి. వెనక సీట్లో పెద్ద ఇంజనీరుగారు ఉపన్యాసం కాగితాలు చూసుకుంటున్నారు. వంతెన కట్టిన రెండేళ్ళూ పెద్ద డ్రైవరు వారానికి మూడుసార్లు ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళాడు. పెద్ద ఇంజనీరుగారికీ ఆ దారి తెలియాలి గానీ, వెనక సీటు మెత్తన కావడంవల్ల దారి పొడుగునా నిద్రపోయేవారు.

ఊరి చివర మార్గదర్శిని ఎడమకు తిరగమంది. వంతెన కుడివైపున, రంగు జెండాలతో, కంటికెదురుగా కనబడుతోంది. పెద్ద డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక అభ్యంతర పత్రం కావాలండి."

"ఆఫీసులో ఉంటాయిగా."

"ఆఫీసు వెనకాల ఉండిపోయింది సార్."

"అయితే రేపు నింపు. ఇప్పుడు తిప్పు."

తిప్పాడు. ఆ దారి ముందు ఇళ్ళ పెరళ్ళలోంచి పోయింది. ఎవరో ఆరేసిన తడి దుప్పటి అద్దం నిండా పరుచుకుని, చాలా దూరం ఏమీ కనబడలేదు. మార్గదర్శిని ఉండగా చూడవలసిన అవసరమే లేదని పెద్ద ఇంజనీరుగారు ముచ్చటపడ్డారు. దుప్పటి జారేసరికి కారు ఒక బడి మైదానంలో ఉంది. రెండు గోలుకంబాల మధ్యనుంచి దూసుకుపోయింది. పిల్లలు న్యాయబుద్ధితో దాన్ని గోలుగానే లెక్కవేశారు. మార్గదర్శిని మాత్రం ఏ ఉద్రేకమూ లేకుండా, మరో రెండు వందల మీటర్లు పోనిచ్చి, "మీరు గమ్యం చేరుకున్నారు" అంది.

ముందు చక్రాలు నీళ్ళలో ఉన్నాయి, వెనక చక్రాలు బురదలో ఉన్నాయి. అది బాతుల కుంట. గట్టుమీద మేత చల్లుతున్న బాతులావిడ చెయ్యి ఆపింది.

"ఎవరు కావాలండీ?"

"వంతెన," అన్నారు పెద్ద ఇంజనీరుగారు.

"అదిగోనండి," అని మేత గిన్నెతో దూరంగా చూపించింది.

ఆయన అటు చూశారు. మార్గదర్శిని తెరవైపు చూశారు. అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట వంతెన ఇక్కడే కట్టాలనుకుని, ఈ చోటునే పటంలో గుర్తు పెట్టమని సంతకం చేసింది తానే. తరవాత వంతెన అటు జరిగింది. గుర్తు జరపమన్న కాగితం మాత్రం ఇంకా సూపరింటెండెంటు బల్ల దాటలేదు. ఇప్పుడు యంత్రం తప్పంటే సంతకం తప్పవుతుంది. సంతకం తప్పయితే శాఖ పరువు ఏం కావాలి?

ఇంతలో అవతలినుంచి ఫోను వచ్చింది. "సార్, అందరం వంతెనమీదే ఉన్నాం. తమరెక్కడున్నారు?"

"వంతెన దగ్గరే ఉన్నాను. తప్పు చోటుకు వెళ్ళింది మీరు," అన్నారాయన గంభీరంగా. "కుర్చీలు పట్టుకుని ఇటు రండి."

వచ్చారు. బాతులావిడ కంచె గుంజలు రెండింటికి రిబ్బను కట్టారు. పెద్ద ఇంజనీరుగారు మోకాలు లోతు నీళ్ళలో నిలబడి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివారు. "సోదరులారా, ఒకప్పుడు ఇక్కడ నీళ్ళు తప్ప మరేమీ ఉండేది కాదు. ఇప్పుడు మీ కాళ్ళకింద ఏముందో మీరే చూసుకోండి." అందరూ చూసుకుని, కూరుకుపోయిన చెప్పులు పైకి లాక్కుని, చప్పట్లు కొట్టారు. దారి తెలిసి ఉండి కూడా క్రమశిక్షణతో మాట్లాడకుండా ఉన్నందుకు పెద్ద డ్రైవరు పేరు ప్రత్యేకంగా చదివి, పాత మందలింపులు రెండూ కొట్టివేశారు. పదవీ విరమణ దాకా స్టీరింగు ఆయనదేనన్నారు. పెద్ద డ్రైవరుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సభ ముగిశాక పెద్ద ఇంజనీరుగారు మరో కారులో వెళ్ళిపోయారు. కారును బయటికి లాగడానికి ట్రాక్టరు రావాలి. పెద్ద డ్రైవరు గట్టుమీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా వంతెన తెరిచారన్న కబురు అందరి ఫోన్లలోనూ పాకింది. అవతల అసలు వంతెన రెండువైపులా తెరుచుకుని, పురుగైనా లేకుండా ఉంది. ఇవతల కుంటవైపు కార్లు బారులు తీరాయి.

ముందు కారులోని ఆయన తల బయటపెట్టి అడిగాడు. "అన్నా, వంతెనకు ఇటేనా?"

"అదిగో బాబూ, కనబడుతోందిగా," అని పెద్ద డ్రైవరు వేలెత్తి చూపించాడు.

ఆయన వంతెనను చూశాడు. ఫోను చూశాడు. "ఇందులో అలా లేదే," అని విసుక్కుని నీళ్ళలోకి పోనిచ్చాడు. రెండో ఆయన, నీకెంత తెలుసేమిటని అడిగాడు. మూడో కారువాళ్ళు అద్దమే దించలేదు. అలా పది కార్లయ్యేసరికి పెద్ద డ్రైవరుకు చెయ్యి నొప్పెట్టింది. పదకొండో కారు ఆగి, "నేరుగానేనా?" అనగానే, "నేరుగానే బాబూ, ఆవిడ చెప్పినట్టే" అన్నాడు. కారులో ఉన్నవాళ్ళందరూ సంతోషించి, చేతులెత్తి దణ్ణం పెట్టి, కుంటలోకి దిగారు. ముప్పై ఏళ్ళలో దారి చెప్పినందుకు ఆయనకు దణ్ణం పెట్టినవాళ్ళు మొదట వీళ్ళే.