గుండెకు మంచి నూనె

ఏమయ్యా, నిన్నే! చేతిలో మిరపకాయ బజ్జీ, నోట్లో ఇంకో బజ్జీ, పైగా "గుండెకు ఏ నూనె మంచిదండీ?" అని నన్నే అడుగుతున్నావు. సిగ్గుండాలి. ముందు ఆ పొట్లం పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, చెప్పేది విను.

ఒక పెద్ద అడవిలో భీమకేసరి అనే సింహం రాజుగా ఉండేది. ఆ అడవిలో జంతువులన్నీ వేట మానుకుని, అందరికీ కలిపి ఒక వంటశాల పెట్టుకున్నాయి. వేట మానాక రాజుగారికి పరుగు పోయింది. వంటశాల వచ్చాక ఆకలి పెరిగింది. ఉదయం గారెలు, మధ్యాహ్నం పూరీలు, సాయంత్రం పునుగులు. మధ్యలో తోచకపోతే జంతికలు.

ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. ఏటా తొలకరి పడిన మర్నాడు రాజు ఎవరి సాయమూ లేకుండా గర్జనగుట్ట ఎక్కి, పైనుంచి గర్జించాలి. ఎక్కలేకపోతే సింహాసనం దిగిపోవాలి. ఎవరు ఎక్కి గొంతెత్తితే వారిదే రాజ్యం.

కిందటి ఏడు భీమకేసరి ఆగి ఆగి పైకి చేరి, గర్జించబోతే దగ్గు వచ్చింది. "ఆహా, ఏం గర్జన! ఇలాంటిది ఎన్నడూ వినలేదు!" అని నక్క చప్పట్లు కొట్టబట్టి గండం గడిచింది. ఈ ఏడు మళ్ళీ ఎండలు ముదిరాయి. తొలకరి దగ్గరపడుతోంది. రాజుకు నిద్ర పట్టక, వైద్యం చేసే కొంగను పిలిపించింది.

కొంగ రాజు ఛాతీకి చెవి ఆనించి విని, "ప్రభూ, నూనె తగ్గించాలి" అంది.

"ఏ నూనె?"

"ఏ నూనైనా సరే, ప్రభూ."

"తిండి మానమని చెప్పడానికి వైద్యుడెందుకయ్యా? ఆ మాట మా ఆవిడ రోజూ చెబుతూనే ఉంది" అని సింహం గుర్రుమంది. కోరలు కనబడ్డాయి.

కొంగ రెండో కాలు కూడా ఎత్తేద్దామా అన్నంత కంగారుపడింది. "అంటే... నూనెల్లో తేడాలున్నాయి ప్రభూ. ఏది మేలో పోల్చి చూడాలి. ఒక సభ పెడితే తేలిపోతుంది" అంది.

తెలిసిన నిజాన్ని మింగేసి సభ పెట్టించడం చదువుకున్నవాళ్ళకు బాగా అలవాటు.

సభ కూడింది. అధ్యక్ష పీఠం మీద నక్క కూర్చుంది. అడవిలో పొద్దుతిరుగుడు నూనె ఆడించే గానుగ నక్క బావమరిదిదే. ఆ గానుగకూ తన పదవికీ ఏ సంబంధమూ లేదని నక్క ముందే ప్రకటించింది. అందుచేత ఎవరూ అడగలేదు.

మొదట ఎలుగుబంటి లేచింది. "మాది నువ్వుల నూనె. తాతల కాలం నుంచి తింటున్నాం. త్వరగా పాడవదు. ఆవకాయలో పోసినా ఇదే, బాలింతకు పెట్టినా ఇదే."

"నీ నూనె వాసనకే సగం సభ లేచిపోతుంది మామా" అంది ఉడుత. "మా వేరుశనగ నూనె చూడండి. మంటకు తట్టుకుంటుంది. ఇందులో కొవ్వు చాలావరకు గుండెను ఇబ్బంది పెట్టని రకం."

కోతి కొబ్బరి నూనె సీసా ఎత్తి చూపించింది. "ఇది కమ్మదనం! ఇది చలవ!"

"చలికాలంలో పుల్లతో తవ్వుకోవాలి దాన్ని" అంది ఉడుత. "రాజుగారి గుండెలోనూ అలాగే గడ్డకడితే నువ్వొచ్చి తవ్వుతావా కోతి బావా?"

"తలకు రాసుకుంటే జూలు నిగనిగలాడుతుంది తెలుసా!"

"రాజుగారి జూలు ఊడుతోందని ఎవరన్నారు?" అని నక్క కళ్ళెర్రజేసింది. కోతి సీసా వెనక దాచి కూర్చుంది.

కొంగ గొంతు సవరించుకుంది. "సీసాలో గడ్డకట్టింది కదా అని ఒంట్లోనూ అలాగే గడ్డకట్టదు. కానీ గుండెకు బరువైన కొవ్వు కొబ్బరి నూనెలో ఎక్కువన్నది నిజమే. పొద్దుతిరుగుడులో విటమిన్ ఇ బాగా ఉంటుంది. నువ్వుల్లో ఒక గుణం, వేరుశనగలో ఒక గుణం. మార్చి మార్చి వాడుకోవచ్చు. కాకపోతే, చెంచా నూనె ఒంటికిచ్చే కొవ్వు మాత్రం ఎందులోనైనా ఒకటే. అందుకని కొంచెం..."

"వైద్యులవారికి ఇచ్చిన సమయం అయిపోయింది" అంది నక్క.

కొంగ కూర్చుంది. కూర్చోకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

అప్పుడు నక్క పొద్దుతిరుగుడు నూనెతో నిండిన ఒక మెరిసే డబ్బా తెచ్చి సభ మధ్యలో పెట్టింది. దానిమీద పెద్ద అక్షరాలతో "ఇందులో కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉంది.

సభంతా మెడలు చాచి చదివింది.

"కొలెస్ట్రాల్ అంటే ఏంటి?" అని కోతి గుసగుసగా అడిగింది.

"ఏమో. ఉండకూడదట" అంది ఉడుత.

ఎలుగుబంటి మాత్రం ఊరుకోలేదు. "అదెక్కడి మాట! కొలెస్ట్రాల్ ఉండేది నెయ్యిలో, మాంసంలో. గింజల్లోంచి తీసిన ఏ నూనెలోనూ లెక్కపెట్టేంత ఉండదు. నా దాంట్లోనూ లేదు!"

"మరి నీ డబ్బా మీద ఎందుకు రాయలేదు?"

"లేనివన్నీ రాస్తామా? నా నూనెలో తేలు కూడా లేదు. అదీ రాయలేదు!"

నక్క సభవైపు తిరిగి నెమ్మదిగా తలాడించింది. "విన్నారుగా. తేలు సంగతి నేను ఎత్తలేదు. తనే ఎత్తాడు."

ఆ సాయంత్రానికి నువ్వుల నూనెలో తేళ్ళు ఉంటాయని అడవంతా పాకింది. ఎలుగుబంటి గానుగ ఆగిపోయింది.

"ఈ నూనెతో ఎన్ని గారెలు తినొచ్చు?" అని రాజు అడిగింది.

"లెక్కెందుకు ప్రభూ? గుండెకు మేలు చేసేదాన్ని తగ్గించి తింటే గుండెకే కదా నష్టం!" అంది నక్క.

రాజుకు కావలసిన మాట అదే. నక్కకు అక్కడికక్కడే వంటశాల అధికారి పదవి దక్కింది. ఆ పదవికో పాత నియమం ఉంది. ఎవరూ విషం పెట్టకుండా, రాజు ఏది ఎంత తింటే అధికారి ఎదురుగా కూర్చుని అదే అంత తినాలి. నక్క ఆనందంలో ఊఁ కొట్టేసింది.

ఇక ఒకటే మూకుడు పెట్టడం. "మంచి నూనె కదా, ఇంకో గరిటె పొయ్యి" అని వంటవాళ్ళు పోశారు. అడవంతా పోసింది. నూనె మంచిదే. పోసిన చెయ్యి మంచిది కాదు. ఆ ముక్క నక్కకు ముందే తెలుసు.

ఒకనాడు నక్క పెళ్ళాం, "మనింట్లోనూ గారెలు వండనా?" అని అడిగితే, "చాల్లే. నువ్వూ పిల్లలూ పీతలు ఉడకబెట్టుకోండి. నూనె చుక్క ముట్టుకోవద్దు" అని నక్క కసిరింది. తనకు మాత్రం ఆ అదృష్టం లేదు. రాజు ముందు కూర్చుని, గారెకు గారె, పూరీకి పూరీ మింగవలసిందే. తోక ఎక్కడ మొదలైందో వెనక్కి తిరిగి చూసుకోలేనంతగా బలిసింది.

తొలకరి పడింది. మర్నాడు అడవంతా గర్జనగుట్ట కింద చేరింది. భీమకేసరి పది అడుగులు వేసి ఆగింది. మరికొంత పాకి, ఒక బండ మీద కూలబడింది. నాలుక వేలాడింది.

"ఒరేయ్ నక్కా! కొలెస్ట్రాల్ లేదన్నావు కదరా!"

"లేదు ప్రభూ, ఒట్టు! ఇప్పటికీ లేదు!" అని కిందనుంచి రొప్పుతూ అరిచింది నక్క.

అది అబద్ధం కాదు. అదే దాని గొప్పతనం.

ఇంతలో గుట్ట మీద ఒక ఘీంకారం వినబడింది. వనమాలమ్మ అనే ఏనుగు లేత వెదురు కోసం పొద్దున్నే పైకెక్కింది. సభకు రాలేదు, నూనె గొడవ పట్టించుకోలేదు. కట్టుబాటు ప్రకారం ఆమెనే రాణిని చేశారు. పదవి పోయిన భీమకేసరి తిండి కోసం కొండలూ వాగులూ తిరిగి, నాలుగు నెలల్లో సన్నబడి, కుర్రసింహంలా తయారైంది.

నక్కకు మాత్రం పదవి పోలేదు.

రాణిగారి మొదటి భోజనానికి నక్కను పిలిచారు. ఎదురుగా పచ్చగడ్డి కుప్ప. దాని పక్కన రావి కొమ్మలు. ఆ వెనక వెదురు మోపులు. పొయ్యి వెలగలేదు.

"అమ్మా, నేను నక్కనమ్మా" అంది నక్క.

"తెలుసు నాయనా. కూర్చో."

"నాకీ పదవి వద్దు తల్లీ!"

"వద్దంటే పోనీ. నీ బదులు ఎవరైనా వస్తానంటే ఇప్పుడే దిగిపో" అని రాణి నెమ్మదిగా సభవైపు చూసింది.

ఎలుగుబంటి ఆగిన గానుగ మళ్ళీ తిప్పుకోవాలంది. కోతికి కడుపునొప్పి వచ్చింది. ఉడుత అప్పటికే చెట్టెక్కేసింది.

నక్క మొదటి పరక నోట్లో పెట్టుకుంది. అది జరిగి చాన్నాళ్ళయింది; ఈపాటికి దాని కోరలు అరిగిపోయాయి. ఆవుల మందలు జాలిపడి పక్కన చోటిస్తున్నాయి. రోజంతా నములుతూనే ఉంది, రాణిగారు ఇంకా పెట్టించుకుంటూనే ఉన్నారు.

నీతి: ఊరికి ఎంత పెద్ద మాయమాటైనా వడ్డించవచ్చు; ఆ పంక్తిలో తనకూ విస్తరి వేస్తారేమో మాత్రం ముందే కనుక్కోవాలి.