పన్నెండో కట్టడం

గుండ్రటి కిటికీ ఇంటాయన పోయాడట. ఎదురింటి టైలరమ్మ ఇస్త్రీ బండాయనతో అంటే, ఇస్త్రీ బండాయన బేకరీ ఆయన చెవిన వేశాడు. బేకరీ ఆయన ఆదివారం పొద్దున్నే రొట్టె పొట్లం కడుతూ, కౌంటరు ముందున్న ముసలాయనకు ఆ కబురు వేడివేడిగా అందించాడు.

"పాపం, ఎప్పుడు పోయాడో కూడా ఎవరికీ తెలీదట బాబాయ్‌గారూ. మీదీ ఆ వీధేగా, ఎప్పుడైనా చూశారా ఆయన్ని?"

"గడ్డం గీసుకునేటప్పుడు చూస్తుంటాను," అన్నాడు ముసలాయన.

బేకరీ ఆయన ఆ మాట పట్టించుకోలేదు. ముసలాయన మాత్రం రొట్టె పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఎందుకంటే ఆ పోయినాయన ఈయనే.

ఆఫీసులో ఆయన్ని గీతలాయన అనేవారు. ముప్పై నాలుగేళ్లు కట్టడాల శాఖలో ప్లానులు గీశాడు. మడత పెట్టిన కాగితంలాంటి బస్టాండు కప్పు, ఒంటికాలి మీద పుట్టగొడుగులా నిలబడ్డ నీళ్ల ట్యాంకు, సిమెంటు గళ్లలోంచి ఎండను ముక్కలుగా కోసి నేల మీద పరిచే గ్రంథాలయం. ఆలోచన ఏ దొరదైనా గీత మాత్రం ఈయనదే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మొదటిది చూసేసరికే ఓపిక అయిపోయి రెండోదాని జోలికి పోలేదు. చూరు లేని చదును కప్పు, గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్లు, వీధివైపు బండి చక్రమంత గుండ్రటి కిటికీ. ఆ కిటికీలోంచి ఈయన వీధిని చూడటమే గాని, వీధి తిరిగి ఈయన్ని చూసింది లేదు.

ఉన్నదొక్క చెల్లెలు. బస్సులో గంట దూరం. ఆమె ఇంటికీ ఈయనే ప్లాను గీశాడు, దానికీ చదును కప్పే పెట్టాడు. మొదటి వానకే మంచం మీద కారింది. "చూరు పెట్టమని మొత్తుకున్నానా లేదా?" అని ఆవిడ అడిగితే, "చూరు పెడితే ఇంటి అందం చెడుతుంది" అన్నాడు. "అయితే నీ అందం నీ దగ్గరే పెట్టుకో. మళ్లీ నా గడప తొక్కకు," అంది. తొమ్మిదేళ్లయింది. ఏటా వానలకు ముందు ఆ కప్పు మరమ్మతుకు ఈయన కొత్త ప్లానొకటి గీసి పోస్టులో పంపేవాడు. ఒక్కదానికీ జవాబు లేదు.

ఇంతలో పర్యాటక శాఖవాళ్లు ఈ ప్రాంతంలో చూడదగ్గ ఆధునిక కట్టడాల మీద చిన్న పుస్తకం వేస్తామని, వివరాలు నింపమని ఈయనకు కాగితం పంపారు. పదకొండు కట్టడాలు రాశాడు. రెండు రోజులు సిగ్గుపడి, మూడో రోజు పన్నెండోదిగా సొంత ఇల్లు చేర్చాడు. గొప్ప కోసం కాదు. ఎవరో ఒకరు ఆ మెట్లెక్కి వస్తారేమోనని.

వచ్చిన చిక్కల్లా రూపకర్త గడి దగ్గర. పదకొండు మందీ పోయినవాళ్లే. డ్రాయింగ్ బల్ల దగ్గర బతికినవాడు ఒకే మాట పదిసార్లు రాయడు. పైన ఒకసారి రాసి, కిందికి బాణం గీత లాగుతాడు. ఈయనా మొదటి గడిలో "కీర్తిశేషులు" అని రాసి, స్కేలు పెట్టి గీత లాగాడు. అంచు తగలకుండా గీతను ఆపడం ఆ చేతికి తెలియదు. అది పన్నెండో గడి దాకా పోయింది, పుస్తకంలోనూ అలాగే అచ్చయింది.

సోమవారం పర్యాటక శాఖ ఆఫీసుకు వెళ్లి సరిచేయిద్దామనుకుంటూ గీతలాయన ఇంటికి వచ్చాడు. మెట్ల మీద ఒక జంట, వాళ్లతో ఒక పెద్దావిడ, చేతుల్లో కొత్త పుస్తకాలు. ఈయన చేతిలో తాళంచెవి.

"నువ్వేనా ఇక్కడి వాచ్‌మన్‌వి?" అంది పెద్దావిడ.

కాదంటే నొచ్చుకుని వెళ్లిపోతారేమోనని భయం వేసింది. "అవునమ్మా," అన్నాడు.

గంటసేపు ఉన్నారు. మెట్లు గాల్లో ఎలా ఆగాయో, కిటికీ గుండ్రంగా ఎందుకుందో చెప్పాడు. అంత మాట్లాడి ఎన్నాళ్లయిందో, గొంతు బొంగురుపోయింది.

"ఆయన మంచివాడేనా?" అంది పెద్దావిడ వెళ్లబోతూ.

"మాట తక్కువండీ."

"ఎవరూ వచ్చేవారు కాదా?"

"వచ్చేవారేనేమో. తీరిక దొరక్క ఆగి ఉంటారు."

సోమవారం ఆఫీసుకు వెళ్లలేదు. మంగళవారమూ వెళ్లలేదు. పై ఆదివారం పదిహేడు మంది వచ్చారు. డజను టీ కప్పులు కొన్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆయన డ్రాయింగ్ బల్ల మీద చెయ్యి వేసి కళ్లు తుడుచుకుంది. ఆమెకు మంచినీళ్లిస్తూ, పోయినాయన మీద జాలేసి ఈయనా కళ్లు తుడుచుకున్నాడు. బతికున్నన్నాళ్లూ తలుపు తట్టని జనం, పోయాక వరస కట్టి నిలబడ్డారు.

ఆ వరస చూడ్డానికి పర్యాటకాధికారి స్వయంగా వచ్చాడు.

"గోడకి శిలాఫలకం పెట్టిద్దాం. సంతాపసభ కూడా జరగాలి. ఇంతకీ ఆయన ఎప్పుడు పోయారోయ్?"

"తొమ్మిదేళ్లయిందండీ." ఆ మాట ఈయన్ని అడక్కుండానే నోట్లోంచి వచ్చేసింది.

"శభాష్. పేపర్లో వేయిస్తాను. కుర్చీలు నువ్వు చూసుకో."

చూసుకున్నాడు. తన సంతాపసభకు తానే నలభై కుర్చీలు మోసి, తుడిచి, వరసలు స్కేలు పెట్టినట్టు సర్ది, టీ ట్రే పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. టైలరమ్మ వచ్చింది, బేకరీ ఆయన వచ్చాడు, టీచరమ్మ పూలు తెచ్చి డ్రాయింగ్ బల్ల మీద పెట్టింది. అధికారి మైకు అందుకున్నాడు.

"ఆయనకూ నాకూ ఉన్న అనుబంధం మాటల్లో చెప్పలేను. ఆఖరి ఘడియల్లో నా చెయ్యి పట్టుకుని, 'నా ఇల్లు జాగ్రత్త' అన్నారు…"

ఎప్పుడన్నానా అని గీతలాయన ఆలోచిస్తుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఒకావిడ చంకలో లావుపాటి కాగితాల చుట్టతో లోపలికి వచ్చింది.

"తొమ్మిదేళ్ల కిందట పోయినవాడు మొన్న వానల ముందు నాకు పోస్టులో ప్లాను ఎలా పంపాడండీ?"

మైకు కీచుమంది. "అమ్మా, తమరు…?"

"చెల్లెల్ని. పేపరు చూసి కాళ్లూ చేతులూ ఆడలేదు. బస్సెక్కాక వేళ్లు మడిచి లెక్కేసుకున్నాను." చుట్ట విప్పింది. తొమ్మిది ప్లానులు. ఒక్కటి కూడా నలగలేదు. "ఇదిగో, ఏడాదికొకటి." గది నాలుగు మూలలా చూసి, ఆఖరి వరస వెనకాల ఆగింది. "ఆ ట్రే కింద పెట్టు అన్నయ్యా."

నలభై తలలు వెనక్కి తిరిగాయి. గడ్డం గీసుకునే మాట బేకరీ ఆయనకు అప్పుడు బోధపడింది.

"అంటే… తమరు బతికే ఉన్నారా?" అన్నాడు అధికారి.

"ఇప్పటివరకూ," అన్నాడు గీతలాయన క్షమాపణ అడుగుతున్నట్టు.

"అదేంటండీ, మరి వాచ్‌మన్ ఎవరు?" అంది టైలరమ్మ.

జనం ఒక్కొక్కరే లేచారు. టీచరమ్మ తను పెట్టిన పూలు తనే తీసుకుని, ఆయన వంక మోసగాణ్ణి చూసినట్టు చూసి మెట్లు దిగింది. టీలు చల్లారిపోయాయి. నలభై ఖాళీ కుర్చీల మధ్య అధికారి, అన్న, చెల్లెలు మిగిలారు.

అధికారి చెమట తుడుచుకుని గొంతు తగ్గించాడు. "చూడండి సార్. మనుషులు కాపురముంటున్న ఇల్లు చూడదగ్గవాటిలో వేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. సవరణ వేస్తే పన్నెండోది కొట్టేయాలి, ఇక ఎవరూ రారు. వేయకపోతే ఆదివారం ఆదివారం జనం వస్తూనే ఉంటారు. నేను నోరు విప్పను. మీ ఇష్టం."

గీతలాయన కుర్చీల వంక చూశాడు. డజను కప్పుల వంక చూశాడు. గుండ్రటి కిటికీ అవతల వీధి ఎప్పటిలాగే ఎటో చూస్తోంది.

"ఇలాగే ఉండనివ్వండి," అన్నాడు. "పోయాకే బాగుంది."

"కుదరదు, సవరణ వేయండి," అంది చెల్లెలు ప్లానులు చుట్టి చంకలో పెట్టుకుంటూ. "చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు. రేపు మా కప్పు కారితే నేనెవర్ని తిట్టుకోను?"