చింతచెట్టుకు సొరబుర్ర

ఆ సోమవారం పొద్దున్న జగన్నాథరావు మాస్టారి పథకం చాలా చిన్నది. మర్నాడు బడుల ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఆయన ముందు ఒక్క పాఠం చక్కగా చెప్పాలి. పాచిపెంట పైకొండల్లోని ఆ బడిలో కొత్తగా పెట్టిన ఫస్టు ఫారానికి సైన్సు పాఠం ఎలా సాగుతుందో చూస్తాడు. బాగుంటే తరగతిని ఉంచుతాడు, లేకపోతే ఎత్తేస్తాడు. ఎత్తేస్తే పదకొండు మంది పిల్లలూ మళ్ళీ పశువుల వెంటే. 

మన్యం జ్వరం మాత్రం ఎవరి పథకాన్నీ అడిగి రాదు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఆయన గొంగళి కప్పుకొని, పిల్లల్లో చురుకైన సుక్రుని పిలిచాడు. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయని చెప్పాడు. ఆకులున్న కొమ్మను సొరకాయ బుర్రలో దూర్చి, మూతిని మట్టితో మెత్తితే లోపల నీరు చేరుతుందని చేసి చూపించాడు. గాజు సీసాకు ఆ బడికి గతి లేదు.

"నువ్వొక్కడివే దాచుకోకురా. మిగతావాళ్ళకి పంచు," అన్నాడు.

మిగతావాళ్ళంటే తరగతిలోని పదిమందీ అని ఆయన లెక్క. ఆ కొండల్లో పంచడమంటే వేట పంచినట్టే. దుప్పి పడిందంటే ఏ పొయ్యికీ వాటా తప్పకూడదు, ముసలివాళ్ళకి ముందు అందాలి. సుక్రు పదిమందికీ చెప్పాడు. ఆ పదకొండు మందీ సాయంత్రంలోగా గడప గడపకూ పాఠం పంచారు.

మంగళవారం మధ్యాహ్నానికి మామిడికి బుర్ర, పనసకు బుర్ర, చింతకు బుర్ర. అటుగా వచ్చిన అబ్కారీ జవాను అప్పలస్వామి కళ్ళు తిరిగి పడబోయాడు. చెట్టుకు బుర్ర కట్టారంటే ఆయన ఎరిగినది కల్లు ఒక్కటే.

"లైసెన్సు నేకుండా ఊరు ఊరంతా గీత్తన్నారు! ఆకరికి సింతసెట్టు కూడానా!" అంటూ బడి మీదికి వచ్చిపడ్డాడు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు గుర్రం దిగాడు.

"ఈయనేనండి పెద్ద! అందరికీ ఈయనే నేర్పించినాడట!" అన్నాడు జవాను, గొంగళిలో ముడుచుకున్న మాస్టారిని చూపిస్తూ.

మాస్టారు నోరు తెరిచాడు. పళ్ళ చప్పుడు తప్ప మాట రాలేదు. ఇన్‌స్పెక్టరు మొహం ముడుచుకొని రిపోర్టు కాగితం తీశాడు. పదకొండు మంది పిల్లల చదువూ నీళ్ళపాలైందనుకున్నాడు మాస్టారు.

అంతలో సుక్రు నాయనమ్మ సోములమ్మ ఓ కొమ్మనుంచి బుర్ర ఊడదీసి తెచ్చింది. "ఏటి బాబూ, సింతసెట్టుకి కల్లు దిగుద్దేటి? నీకీ పాటం ఎవులూ పంచనేదా?" అంటూ జవాను అరచేతిలో వంచింది. "నాకి సూడు."

జవాను నాకాడు. వట్టి నీళ్ళు.

"మరి బుర్ర నేపోతే ఈ నీరు కనబడదేం?" అన్నాడు అనుమానంగా.

"ఆవిరై గాల్లో కలిసిపోద్ది," అంది తరగతిలోని కనక.

"ఆకులు దూసేత్తేనో?"

అటు నుంచి అయిదు గొంతులు, ఇటు నుంచి ముగ్గురు ముసలివాళ్ళు ఒకేసారి జవాబు చెప్పారు. జవాను కేసు సంగతే మరిచిపోయాడు. కాసేపటికి ఇన్‌స్పెక్టరు చెయ్యి పట్టుకొని పనసచెట్టు కిందికి లాక్కెళ్ళి, "ఇలా రండి బాబూ, ఈ ఆకుందా..." అని మొదటినుంచీ అందుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు నవ్వాపుకోలేక అక్కడే నిలబడి, ఫస్టు ఫారం కొనసాగాలని రాశాడు. మాస్టారికి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. 'ఉపాధ్యాయుని బోధన' అన్న గడిలో మాత్రం ఇన్‌స్పెక్టరు, "వినవలసిన అవసరం రాలేదు" అని నింపాడు.