అరవై రెండు ఆకుల పశువైద్యం

ఆ రోజుకు వసంతకుమార్ పెట్టుకున్న పనులు మూడు. పదింటికి తలుపు తీయడం, అద్దాల పెట్టెలు తుడవడం, ఒంటిగంటకు పెరుగన్నం తినడం. తమిళనాడులోని ధర్మపురి బస్టాండుకు రెండు వీధుల అవతల ఉన్న ఆ మ్యూజియంలో అంతకు మించి పని ఉండేది కాదు. ఒక హెడ్మాస్టరు జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలు, ఇత్తడి దీపాలు, వక్కాకు పెట్టెలు, వాకిట్లో పాతకాలపు వీరుణ్ణి చెక్కిన ఒక వీరగల్లు. ప్రవేశం ఉచితం. అయినా అంతకు ముందు ఏడాది, అంటే 2006లో, వచ్చినవాళ్లు నలభై ముగ్గురు. వాళ్లలో పదకొండుమంది వానకు ఆగినవాళ్లు.

నడిమి గదిలో తెలుగు తాళపత్రాల కట్ట ఒకటి ఉంది. అరవై రెండు ఆకులు. వాటిని చదవగల మనిషే ఇక్కడ ఉద్యోగంలో ఉండాలని హెడ్మాస్టరు వీలునామాలో రాసిపోయాడు. ఆరేళ్ల కిందట ట్రస్టు కార్యదర్శి వడివేలు, "తెలుగు తెలుసా?" అని తమిళంలో అడిగాడు. "తెలుసు సార్" అని వసంతకుమార్ తమిళంలోనే చెప్పాడు. అబద్ధం కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆ జిల్లాలో తెలుగువాళ్లు చాలామంది అంతే. అమ్మతో పోట్లాట తెలుగులో, ఇంటికి ఉత్తరం తమిళంలో. చదవడం వచ్చా అని వడివేలు అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు వసంతకుమార్‌కు లేదు.

పదకొండింటికి సీనప్ప అనే రైతు లోపలికి వచ్చాడు. వెల్లిచందై పోవాల్సినవాడు. బస్సుకు ఇంకా గంట ఉంది, బయట ఎండగా ఉంది. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తాళపత్రం ముందు ఆగాడు.

"ఇది మన తెలుగేనా అప్పా?"

"తెలుగే అన్నా."

"మా తాత చదువుతాండె అంట. మా నాయన కాడికే అది నిలిచిపోయింది. ఏముండాది దీంట్లో?"

వసంతకుమార్ ఆకువైపు చూశాడు. అన్నీ సున్నాల్లాగే కనిపించాయి. తెలియదని చెప్పవచ్చు. కానీ ముందు గదిలో వడివేలు కూర్చుని కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. తెలియదు అనే మాట తెలుగులోనూ తమిళంలోనూ దాదాపు ఒకటే.

"పశువైద్యం" అన్నాడు.

ఆ మాటే ఎందుకు వచ్చిందంటే, కారిమంగళంలో ఉండే అతని తల్లి మారమ్మ పశువులకు నాటుమందు చేస్తుంది. చిన్నప్పటినుంచి అతను ఇంట్లో విన్నది అదే.

సీనప్ప గొంతు తగ్గించాడు. "మా ఆవుకు రెండు దినాలుగా కడుపుబ్బరం. దానికేమన్నా రాసుండాదేమో చూసి చెప్పప్పా. నీకు పుణ్యముంటుంది."

ఇక వెనక్కి పోయే దారి లేదు. వసంతకుమార్ అద్దం మీద వేలు పెట్టి, ఎడమనుంచి కుడికి జరుపుతూ, వామూ ఇంగువా బెల్లమూ నూరి ఆముదంలో కలిపి తాగించాలని చదివాడు. తల్లి మాటలు, తల్లి చెప్పే వరుసలోనే. ముందు గదిలో వడివేలు కలం ఆపి విన్నాడు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చాలా తృప్తిపడ్డాడు.

నాలుగు రోజులకు సీనప్ప మళ్లీ వచ్చాడు. ఆవు లేచింది. వెంట ఇద్దరు రైతులున్నారు. ఒకరి ఆవు దూడను దగ్గరికి రానివ్వడం లేదు. వసంతకుమార్ వేలు ఈసారి రెండో వరుస మీద నడిచింది. దూడ ఒంటిమీద ఉప్పునీళ్లు చల్లాలి; తల్లి నాకుతుంది; నాకిందంటే ఒప్పుకున్నట్టే. అదీ ఫలించింది.

ఆ తర్వాత కారిమంగళం సంతనుంచి తిరిగి పోయేవాళ్లు పశువులతో సహా వచ్చారు. గేటుకు ఎద్దులు కట్టారు. ఒక ఎనుము వీరగల్లుకు వీపు రుద్దుకుంది. ఐదారు వందల ఏళ్లుగా కత్తి ఎత్తి నిలుచున్న వీరుడు దానికీ అడ్డు చెప్పలేదు. అందరూ సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టారు, రాయడం రానివాళ్లు వేలిముద్ర వేశారు. అభిప్రాయం అనేచోట కరుప్పాయి అనే ఆమె, "మేక ఇప్పుడు మేస్తోంది" అని రాయించింది.

తనకు తెలియని జబ్బు వస్తే వసంతకుమార్, "ఆ ఆకు అడుగున ఉండాది, రేపు రా" అనేవాడు. సాయంత్రం తల్లి పక్కింటి సెల్‌ఫోనుకు ఫోన్ చేసేవాడు.

"అమ్మా, ఎనుముకు గాలికుంటు వస్తే ఏం చేస్తావు?"

"నిన్న ఎద్దుకు కాడిపుండు అంటివి. మొన్న మేక అంటివి. ఎన్ని కొనినావురా? వేలై పోయిందా? నిజం చెప్పు."

"ఉద్యోగం ఉండాదిలేమ్మా."

"ఉంటే అన్ని గొడ్లను ఎవరు మేపుతాండారు?"

నెల తిరిగేసరికి పుస్తకంలో మూడువందల పన్నెండు పేర్లు చేరాయి. వడివేలు వాటిని రెండుసార్లు లెక్కబెట్టి, ఇంత గొప్ప గ్రంథాన్ని అచ్చు వేయించక తప్పదని తిరుపతిలోని తాళపత్రాల గ్రంథాలయానికి ఉత్తరం రాశాడు. తాళపత్రాలు పరిష్కరించే సత్యప్రియ అనే ఆవిడ వచ్చే బుధవారం వస్తానంది.

"ఆమె ముందు నువ్వే చదవాలి" అన్నాడు వడివేలు. "ఆమె సరేనని రాసిస్తే నీ ఉద్యోగం పర్మనెంటు."

కాదని రాసిస్తే ఏమవుతుందో అతను చెప్పలేదు. వీలునామా ఫ్రేము కట్టి గోడకు తగిలించే ఉంది.

బుధవారం ఉదయానికి వాకిట్లో తొమ్మిది పశువులు, ఇరవైమంది మనుషులు. అందరికన్నా ముందు సీనప్ప నిలుచున్నాడు. సత్యప్రియ ఆటో దిగి, ఎద్దు పక్కనుంచి చీర కుచ్చిళ్లు పట్టుకుని లోపలికి వచ్చింది. తాళపత్రం ముందు ఒక నిమిషం నిలబడింది. తర్వాత వసంతకుమార్ ముఖం చూసింది. అద్దం తీయించి, ఆకును రెండు చేతులతో ఎత్తి, కింది అంచు పైకి వచ్చేలా తిప్పి పెట్టింది.

వసంతకుమార్ పనిలో చేరిన మొదటి వారం, అద్దం తుడవడానికి తీసి పెట్టినప్పటినుంచి అది తలకిందులుగానే ఉంది.

"ఎందుకు తిప్పారు?" అని వడివేలు అడిగాడు.

"వెలుతురు కోసం" అంది సత్యప్రియ.

వసంతకుమార్ అప్పుడే అంతా చెప్పేయాలనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఇంతలో బయట గోల. మారమ్మ వచ్చింది. కొడుకు ఉద్యోగం పోగొట్టుకుని గొడ్ల బేరంలో పడ్డాడని ఆమె నిశ్చయించుకుని, మొదటి బస్సుకు బయల్దేరింది. గేటు దగ్గర తొమ్మిది పశువులను చూడగానే ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

"ఓరి నా కొడకా, ఇన్ని గొడ్లా!" అంది. అంటూనే దగ్గరున్న ఎద్దు మెడ తడిమింది. "ఈ కాడిపుండును ఇట్లే వదిలేసినారే. వేపనూనె కాచి, పసుపు వేసి, గోరువెచ్చగా రాయండప్పా. మూడు దినాలు కాడి కట్టొద్దండి."

సీనప్ప నోరు తెరిచి విన్నాడు. ఇవే మాటలు పోయిన వారం వసంతకుమార్ అద్దం మీద వేలు పెట్టి చదివాడు. మూడు దినాలతో సహా.

"అవ్వా, నీకు చదివేకి వస్తుందా?"

"నాకెక్కడ వస్తుంది నాయనా."

సీనప్ప జనంవైపు తిరిగాడు. "చూసినారా? అక్షరం రాకుండానే పుస్తకమంతా కంఠపాఠం చేసింది అవ్వ!"

కొందరు మారమ్మకు దండం పెట్టారు. ఒకతను ఎనుమును ముందుకు తోలాడు. సత్యప్రియ కిటికీలోంచి ఇదంతా చూసింది. వసంతకుమార్ ఆమె పక్కకు వచ్చి నిలుచున్నాడు.

"నాకు చదివేకి రాదు మేడం" అన్నాడు.

"తెలుస్తూనే ఉంది."

"దాంట్లో నిజంగా ఏముండాది?"

"పాత నిఘంటువు. మాటలకు పర్యాయపదాలు. పూర్వం పిల్లల చేత వల్లె వేయించేవారు. ఇలాంటివి మా దగ్గర నలభై దాకా ఉన్నాయి." ఆమె కట్ట మీదికి వంగి రెండు ఆకులు తిరగేసింది. "ఇదిగో, ఇక్కడ ఆవుకు ఉన్న పేర్లన్నీ ఉన్నాయి. అంతవరకు మీరు చెప్పింది తప్పు కాదు."

"నా ఉద్యోగం?"

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. బయటికి వెళ్లి మారమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది. సంచిలోంచి గళ్ల నోటుబుక్కు తీసింది. "అమ్మా, మొదటినుంచి చెప్పండి. మీకెవరు నేర్పారు?"

"మా అత్త. ఆమెకు ఆమె అత్త. రాసుకునేదానికి ఏముండాది దీంట్లో?" అంది మారమ్మ.

అయినా చెప్పింది. సాయంత్రం వరకు చెప్పింది. మధ్యలో పశువులు మారుతూ వచ్చాయి, జబ్బులు మారుతూ వచ్చాయి. ఎనభై నాలుగు మందులు. తల్లి అన్ని సంగతులు ఒక్కసారిగా చెప్పడం వసంతకుమార్ కూడా ఎప్పుడూ వినలేదు. అతను పెరుగన్నం తినడం మరిచిపోయాడు.

సత్యప్రియ నివేదిక అర పేజీ. తాళపత్రాలు అరుదైనవి కావు. మారమ్మ చెప్పినవి ఇంతవరకు ఎక్కడా రాయబడలేదు. ఈ నోటుబుక్కును మ్యూజియంలో ఉంచాలి. ఇందులోని విషయం వసంతకుమార్‌కు ఎవరికన్నా బాగా తెలుసు. చివరి వాక్యాన్ని వడివేలు ఫ్రేము కట్టించి, వీలునామా పక్కన తగిలించాడు. ఉద్యోగం పర్మనెంటు అయింది.

నోటుబుక్కును రెండో అద్దాల పెట్టెలో పెట్టారు. వారం తర్వాత సీనప్ప వచ్చి దాని ముందు ఆగాడు.

"దీంట్లో ఏముండాదప్పా?"

"పశువైద్యం" అన్నాడు వసంతకుమార్. వేలు అద్దం మీద పెట్టలేదు.

ఏ అంచు పైకి ఉండాలో అతను మరిచిపోకుండా, సత్యప్రియ పోతూ పోతూ నోటుబుక్కు అట్టమీద బాణం గుర్తు వేసి పోయింది.