గరగర తీసేసిన టేపు

ఆ ఆదివారం పొద్దున గుమాస్తా పెట్టుకున్న పని చిన్నదే. పదింటికి రేడియో స్టేషన్‌లో పాత టేపు ఒకటి వినిపించాలి. పదకొండింటికి మెట్లు దిగి ఇంటికొచ్చి, తిని పడుకోవాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉద్యోగకాలమంతా ఇతరుల ఆస్తి దస్తావేజులకు నకళ్ళు రాసి రిటైరైన మనిషి. సొంతంగా చెప్పుకోవడానికి ఆయన దగ్గర పాత టేపులు, పాత రేడియోలు తప్ప మరేమీ మిగల్లేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వంటింట్లోంచి భార్య అడిగింది, "ఆ నీళ్ళ టేపేనా ఇవాళ?" అని. నెల రోజులుగా అదే టేపు ఇంట్లో మోగడంతో ఆమెకు కంఠతా వచ్చేసింది. దాన్ని నీళ్ళ టేపు అనకూడదని, అది చారిత్రక ప్రసారమని ఆయన చెప్పబోయాడు. ఆమె అప్పటికే మిక్సీ వేసింది.

స్టేషన్ అంటే చెప్పుల దుకాణం మీద రెండు గదులు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి స్టూడియో అని పేరు పెట్టారు. అక్కడ వారానికొక గంట "నాటి రేడియో" అనే కార్యక్రమాన్ని ముగ్గురు స్నేహితులు జీతం లేకుండా నడుపుతున్నారు. జీతం లేదు కాబట్టి తమను ఎవరూ తప్పుపట్టకూడదని ముగ్గురి నమ్మకం. గుమాస్తా మాట్లాడతాడు. ఆయన బావమరిది, వృత్తికి దర్జీ, చప్పుళ్ళు చేస్తాడు. మూడో ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు. ఫోన్లు తీయడం ఆయన పని. ఫోన్లు రావు కాబట్టి కునుకు తీస్తాడు.

గుమాస్తాకు ఈ గంట ప్రాణం. ఆఫీసులో ఉన్నన్నాళ్ళు ఆయన మాట మొదలుపెడితే పైఅధికారి పూర్తిచేసేవాడు. ఇంట్లో భార్య పూర్తిచేస్తుంది. స్టూడియోలో మాత్రం ఎర్రదీపం వెలిగిందంటే ఎవరూ అడ్డురాకూడదు.

ఆ దీపానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. స్టేషన్ మేనేజరు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, మర్యాదగానే మాట్లాడుతుంది, మర్యాదగానే పీక కోస్తుంది. శుక్రవారం ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. "అంకుల్, ఈ ఆదివారం ప్రోగ్రాం అయ్యేలోపు బయటివాళ్ళు పదిమంది ఫోన్ చేయాలి. చేయకపోతే మీ టైము విజయానికి దారులు చెప్పే సార్‌కి ఇచ్చేస్తున్నా."

పదిమందేనా అని ఏజెంటు తేలిగ్గా తీసిపారేశాడు.

"ఇంట్లోవాళ్ళు లెక్కలోకి రారు. పోయిన నెల ఆంటీ మూడు గొంతులతో చేశారు. మూడుసార్లూ వెనక అదే కుక్క మొరిగింది."

అందుకే గుమాస్తా తన దగ్గరున్న వాటిలో అతి గొప్ప టేపు తీశాడు. నలభై ఏళ్ళ కిందట ఆయన తండ్రి ఒక పూట ఊరి రేడియో ప్రసారాన్ని మొదలు నుంచి చివరిదాకా పట్టిన టేపు అది. రెండు నెలల కిందటే దాన్ని రికార్డింగు షాపుకు పట్టుకెళ్ళి, నెల రోజులు వాళ్ళ ప్రాణం తోడి, గరగర అంతా తీయించాడు. ఇప్పుడది నిన్న మాట్లాడినట్టుగా ఉంది.

దర్జీ మాత్రం ఎప్పటిలాగే, నలిపితే గరగరమనే గాజుకాగితం తెచ్చుకున్నాడు. టేపు మోగుతున్నంతసేపూ మైకు పక్కన దాన్ని నలపడం ఆయన కళ. ఆ కళ గురించి ఎవరైనా అడుగుతారని ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. గుమాస్తా ఆ కాగితం చూడగానే జేబులో పెట్టుకోమన్నాడు.

"గరగర లేకపోతే పాతదని ఎవడికి తెలుస్తుంది బావా?"

"చెవులున్నవాడికి తెలుస్తుంది."

"చెవులున్నవాడు మన ప్రోగ్రాం ఎందుకు వింటాడు?"

గుమాస్తాకు కోపం వచ్చింది. "ఇవాళ నా టేపు మీద ఎవడి చెయ్యీ పడకూడదు, ఎవడి నోరూ పడకూడదు. నా నోరు కూడా. ఒకసారి మొదలైతే అయిపోయేదాకా అంతే," అన్నాడు. దర్జీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి అలిగితే చూడ్డానికి బాగుండదు. ఆయనను ఎవరూ చూడలేదు.

పదింటికి ఎర్రదీపం వెలిగింది. గుమాస్తా గొంతు సవరించుకుని మైకు పుట్టుపూర్వోత్తరాల దగ్గర మొదలుపెట్టాడు. తాము వినిపించబోయేది నలభై ఏళ్ళ నాటి ప్రసారమని కూడా స్పష్టంగానే చెప్పాడు. దాని ముందు చాలాసేపు, దాని తరువాత చాలాసేపు మాట్లాడటం వల్ల ఆ ఒక్క మాట మధ్యలో ఎక్కడో మునిగిపోయింది. చివరికి టేపు తిరిగింది. మధురమైన వాద్యం, ఒక మంచిమాట, వాతావరణం. ఆ తరువాత ఒక గంభీరమైన గొంతు, అక్షరం అక్షరానికీ ఇస్త్రీ చేసినట్టుగా, ఇలా చదివింది:

"పట్టణ పౌరులకు ఒక ముఖ్య ప్రకటన. ప్రధాన నీటి గొట్టం మరమ్మతు కారణంగా ఈ దినం పదకొండు గంటల నుండి మూడు రోజుల పాటు నీటి సరఫరా నిలిపివేయబడుతుంది. పౌరులు తగినంత నీటిని నిలవ చేసుకోవలసిందిగా మనవి."

ఆ సమయానికి ఊళ్ళో ఈ స్టేషన్ మోగుతున్నది ఒక్క సెలూన్‌లో. అదీ సినిమా పాటల కోసం పెట్టింది. పాటలు అయిపోయి గుమాస్తా వచ్చేటప్పటికి సెలూన్ యజమాని రెండు చేతులకూ సబ్బు నురగ ఉంది, మార్చలేకపోయాడు. బెంచీ మీద వరస కోసం కూర్చున్నవాళ్ళు మైకు చరిత్ర జరుగుతున్నంతసేపూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. నీళ్ళు అన్న మాట వినగానే అందరూ ఒక్కసారి నోరు మూశారు. అనుమానం ఎవరికీ రాలేదు. ఇంత శుద్ధమైన భాషలో ఈ కాలంలో ఎవరూ మాట్లాడరు, కాబట్టి ఇది ప్రభుత్వమే అయివుండాలి అనుకున్నారు. సగం గడ్డం గీయించుకున్నవాడు తువ్వాలు మెడకుండగానే ఇంటికి పరిగెత్తాడు. మిగతావాళ్ళు ఇళ్ళకు ఫోన్లు చేశారు. ఎవరికీ చెప్పొద్దని చెప్పారు, అందుకని ఇంకా తొందరగా పాకింది.

స్టేషన్‌లో ఫోన్ మోగింది. ఏజెంటు కునుకులోంచి ఉలిక్కిపడి తీశాడు. అద్దం అవతల మేనేజరు తల ఎత్తి చూసింది. ఒక ఆడమనిషి గొంతు. నీళ్ళు మూడు రోజులూ అసలే రావా, సాయంత్రం ఒక గంటైనా వదులుతారా అని అడిగింది. ఏజెంటుకు సంగతి వెంటనే అర్థమైంది. ఆయన మందబుద్ధి కాదు. పాలసీలు అమ్మిన అనుభవం వల్ల అబద్ధం చెప్పకుండానూ నిజం చెప్పకుండానూ మాట్లాడటం బాగా వచ్చు.

"రేడియోలో వచ్చింది విన్నారు కదమ్మా. అందులో ఎలా ఉందో అలాగే," అన్నాడు. పెట్టేసి అద్దంలోంచి మేనేజరుకు ఒక వేలు చూపించాడు.

తరువాత ఫోను కింద పెట్టే పని లేకపోయింది. అందరికీ అదే జవాబు చెప్పాడు. వేళ్ళు చూపిస్తూ పోయాడు. రెండు చేతులూ అయిపోయాక దర్జీ చెయ్యి కూడా పట్టి ఎత్తాడు. గుమాస్తా అద్దం అవతల మేనేజరు ముఖంలో మొదటిసారి గౌరవం చూశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. ప్రజలు పాతదాన్ని మరిచిపోలేదు అనుకున్నాడు.

ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి వేశారు. మేడమీది ట్యాంకులు నిండాయి, డ్రమ్ములు నిండాయి, బకెట్లు, గిన్నెలు, పిల్లలు జలకాలాడే గాలి తొట్టి నిండాయి. ఒక దంతవైద్యుడు పేషెంటుకు నోట్లో దూది పెట్టి, కుర్చీ పక్కన ఉమ్మే తొట్టికి బిరడా బిగించి దాన్నీ నింపుకున్నాడు. పేషెంటు ఏదో చెప్పాలని చూశాడు గాని దూది అడ్డొచ్చింది. నమ్మనివాళ్ళు కూడా పట్టుకున్నారు. పక్కింటివాళ్ళు పడుతుంటే చేతులు ముడుచుకు కూర్చోడానికి వాళ్ళేమీ వెర్రివాళ్ళు కారు.

అలక మధ్యలో దర్జీకి టీ తాగాలనిపించింది. కిందికి వెళ్ళి ఖాళీ చేతులతో ఎక్కివచ్చాడు. మూడు రోజుల దాకా టీ లేదని, ఉన్న నీళ్ళు ఇంటికి కావాలని టీకొట్టువాడు చెప్పాడట.

"బావా, నీ టేపు కొంప ముంచింది. ఇవాళే నీళ్ళు ఆగుతాయనుకుంటున్నారు జనం. టేపు ఆపి ఒక్కమాట చెప్పు."

గుమాస్తా తెల్లబోయాడు. చెయ్యి మీట దాకా వెళ్ళింది. అప్పుడు ఏజెంటు ఫోను మూతికి చెయ్యి అడ్డంపెట్టి, నెమ్మదిగా అన్నాడు. "చెప్పు గురూ, తప్పకుండా చెప్పు. కానీ ఆ అమ్మాయి చూస్తోంది. ఈ ఫోన్లన్నీ మన కోసం కాదని తెలిస్తే వచ్చే వారం ఈ కుర్చీలో విజయం సార్ కూర్చుంటాడు."

గుమాస్తా మీట మీంచి చెయ్యి తీశాడు. తన నియమం గుర్తొచ్చింది. మొదలైన టేపును మధ్యలో ఆపరాదు. ఈ నియమం ఇంత ఉపయోగపడుతుందని అది పెట్టుకున్నప్పుడు ఆయనకు తెలియదు. "అయిపోయాక చెబుతాను," అన్నాడు. దర్జీ జేబులోని కాగితం బయటికి తీసి, ఆయన ముఖం ముందు ఒకసారి గట్టిగా నలిపి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

టేపు పదకొండింటికి అయిపోయింది. ఊరి నీళ్ళ ట్యాంకు కూడా అప్పుడే అయిపోయింది.

గుమాస్తా మైకు ముందుకు వంగి, ఇందాక విన్నది నలభై ఏళ్ళ నాటి ప్రకటన అని, నీళ్ళకు ఏ లోటూ లేదని, కొళాయి తిప్పి చూసుకోవచ్చని చెప్పాడు. జనం తిప్పి చూసుకున్నారు. కొళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది. వెంటనే ఫోన్లు మోగాయి. ఈసారి ఏజెంటు ఎవరికీ జవాబు చెప్పలేదు, ఫోను దూరంగా పట్టుకున్నాడు. వాళ్ళ మాట గదిలో అందరికీ వినపడింది. మొదట మాట్లాడిన పెద్దాయన నిక్కచ్చిగా నిజం చెప్పాడు, ఈ రెండోవాడెవడు, నీళ్ళున్నాయని కోస్తున్నాడు, వాణ్ణి దింపేసి ఆ పెద్దాయన్నే కూర్చోబెట్టండి అని. టేపులో ప్రకటన చదివిన ఆ పెద్దాయన పోయి ఇరవై ఏళ్ళయింది.

భోజనాల వేళకు నీటి సరఫరా ఇంజనీరు మెట్లెక్కి వచ్చాడు. ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఏజెంటు తనకు ఈ కార్యక్రమంతో సంబంధం లేదని, ఫోను కోసం వచ్చానని ముందే చెప్పేశాడు. ఇంజనీరు నీళ్ళు అడిగాడు. ఎవరి దగ్గరా లేవు. అలాగే కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పకుండా నీళ్ళెందుకు ఆపావని పైవాళ్ళు తిట్టారు. మీరు రేడియోలో చెప్పారని తెలిసి, నేనే చెప్పించానన్నాను. నా ఉద్యోగం నిలబెట్టారు," అన్నాడు.

గుమాస్తా కూలబడ్డాడు. నీళ్ళు సాయంత్రానికి వచ్చేస్తాయి కదా అని అడిగాడు.

"ఎలా వస్తాయండీ? మూడు రోజులని చెప్పారు కదా. ముందే వదిలితే చెప్పింది తప్పవుతుంది. ఎలాగూ ట్యాంకు ఖాళీ అయింది, ఆ గొట్టం బాగుచేసేస్తాం. అప్పట్నుంచీ వాయిదా పడుతూనే ఉంది."

"నలభై ఏళ్ళా?" అన్నాడు దర్జీ.

"కొంచెం ఆలస్యమైంది," అని ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఇకమీదట తమ ప్రకటనలన్నీ ఇక్కడినుంచే రావాలని, అయితే ఆ గొంతుతోనే రావాలని, వేరే గొంతు జనం నమ్మరని చెప్పాడు.

చనిపోయినవాడు ఎలా చదువుతాడని గుమాస్తా అడగబోయాడు. అద్దం అవతల నుంచి వచ్చి నిలబడ్డ మేనేజరు పూర్తిచేసింది. టేపులో అంకెలన్నీ ఉన్నాయి, రోజులున్నాయి, నీళ్ళున్నాయి, గొట్టం ఉంది. ఎక్కడికక్కడ కోసి అతికితే ఏ ప్రకటనైనా తయారవుతుంది. "గరగర ఉంటే అతుకు దొరికిపోయేది అంకుల్. మీరు భలే శుభ్రం చేయించారు," అంది. ఇకనుంచి ఆ గంట రోజూ ఉంటుందనీ, ప్రకటనలు మాత్రమే ఉంటాయనీ, మధ్యలో వేరే మాటలు వద్దనీ కూడా అంది.

కోసి అతకడం ఎవరు చేస్తారని ఇంజనీరు అడిగాడు. దర్జీ అలక మాని ముందుకొచ్చాడు. పుట్టినప్పటి నుంచి తను చేస్తున్నది అదేనన్నాడు. జేబులోని గాజుకాగితం తీసి బావ చేతిలో పెట్టాడు.

గుమాస్తా ఇంటికి నడిచి వెళ్ళాడు. వీధంతా ఖాళీ బిందెలు ఉన్నవాళ్ళు నిండు బిందెలు ఉన్నవాళ్ళను తిడుతున్నారు. ఆయన ఇంట్లో మాత్రం గడప దగ్గర నుంచి పెరటి దాకా నిండని పాత్ర లేదు. ఆయన పాత రేడియోల్లో ఒకదాని చెక్కపెట్టెలోంచి లోపలి సామాను తీసేసి, ప్లాస్టిక్ సంచీ పరిచి, దాన్ని కూడా నింపింది భార్య.

"ఆ టేపు పాతదని నీకు తెలుసు కదే. నువ్వు కూడా రేడియోని నమ్మావా?"

"రేడియోని కాదు, జనాన్ని నమ్మాను. చేతులు కడుక్కోండి. పొదుపుగా."

ఆయన కాళ్ళు ముడుచుకుని, బకెట్ల మధ్య దొరికిన జాగాలో కూర్చున్నాడు. "మా కార్యక్రమం..." అని మొదలుపెట్టాడు.

"పోయింది. తమ్ముడు ఫోన్ చేశాడు," అని ఆమె పూర్తిచేసింది.

మూడు రోజులయ్యాక, చెప్పిన వేళకు నీళ్ళు వచ్చాయి. వస్తున్నాయని ఆ గంభీరమైన గొంతు రేడియోలో రెండుసార్లు చదివింది గాని, ఆ వేళకు ఊళ్ళో ఎవరూ రేడియో పెట్టుకోలేదు.